పగడములకు లంఘనము పనికిరాదు

పగడమనగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది నల్లపూసల నడుమ గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూస. నవరత్నములలో అదియు నొకటి. కుజగ్రహమునకు ప్రీతియని పెద్దలు చెప్పుదురు. సంస్కృతమున దానికి విద్రుమమనియు ప్రవాళమనియు పేర్లు కలవు. మొదటి మాటలో ద్రుమము, అనగా చెట్టు, ఇమిడియున్నది. రెండవ మాటకు చిగురు అను అర్థమును కలదు. కొమ్మలుగా పెరుగు దానిని చూచి పూర్వులు చెట్టుతో పోల్చుట సహజమే. యూరోపు ఖండమునందును 18వ శతాబ్దివరకు పండితులు పగడమును మొక్కయనియే తలచిరి. పెయిసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు అది జంతువని చెప్పినప్పుడు ఆ కాలపు విద్వాంసులు తేలికగా ఒప్పుకొనలేదు.

నేటి శాస్త్రము పగడము జంతువేయని నిశ్చయించినది. కాని కథ అంతటితో ముగియలేదు. సముద్రమున దిబ్బలు కట్టు పగడపు జీవుల మాంసములోపల కంటికి కనబడని నాచుకణములు కాపురముండును. జంతువు ఇల్లు, నాచు ఆ యింటి పెరటి పైరు. ఈ రెండింటి పొత్తును గ్రహించినగాని పగడమును పోషించుట సాధ్యము కాదు. మనము ధరించు ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రమున వెలుతురు తక్కువగా నుండుచోట్ల పెరుగు వేఱొక జాతి. దానిలో ఈ నాచు ఉండదు. నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మాహారమును పట్టి తిని బ్రతుకును. ఈ మాసమున మేము ముచ్చటింపదలచినది గాజుతొట్టెలలో పెంచు దిబ్బపగడములను గూర్చి.

ఇట్టి తొట్టెలు అమెరికా, ఇంగ్లాండు, జర్మనీ, ఆస్ట్రేలియా మున్నగు దేశములందు గృహములలో విరివిగా కలవు. మన బిడ్డలు, తోబుట్టువులు ఆ దేశములందు కాపురములు చేయుచున్నారు గదా. వారి ముందుగదులలోను ఈ వినోదము ప్రవేశించినది. స్వదేశమందున్న పాఠకురాండ్రు ఒక్క సంగతి తప్పక తెలిసికొనవలెను. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కలదు. దిబ్బలు కట్టు గట్టిపగడములన్నియు, నల్లపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు మొదలగునవి 2001 నుండి ఆ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్పబడినవి. పులికి ఎట్టి రక్షణయో వానికిని అట్టి రక్షణయే. కావున మన్నారు సింధుశాఖ, కచ్ఛు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు, ఎచ్చటినుండియైనను పగడపు జీవిని తెచ్చి యింట నుంచుట నేరము. మేము చెప్పబోవునది చట్టము సమ్మతించు దేశములందు తొట్టె పెట్టుకొన్నవారికి ఆచరణము, తక్కినవారికి జ్ఞానము. చూచుటకు వెళ్లిన తల్లి తొట్టె ప్రక్కన కూర్చుండి కుమార్తెకు ఒక మంచిమాట చెప్పగలిగిన, అదియు లాభమే.

ఆ మంచిమాట యిది. జ్వరము వచ్చినవానికి లంఖణము పరమౌషధమని మన సామెత. తొట్టెలో పగడము నీరసించినప్పుడు అనేకులు ఇదే సూత్రము ననుసరించి, తిండి తగ్గించి, నీటిని మఱింత తోమి కడిగి, అందలి పోషకములను సున్నకు దించుదురు. పగడమునకు ఈ లంఘనము ఔషధము కాదు, మృత్యువు. అతిగా పెట్టుట ఎంత దోషమో, ఏమియు మిగులనీయక పోవుట అంతకన్న పెద్ద దోషము.

పగడపు జీవి యొక్క భోజనవిధానమును ముందు చూతము. పగడపు కొమ్మ ఒక ప్రాణి కాదు. వేలకొలది చిన్నప్రాణుల ఉమ్మడి కుటుంబము. ఒక్కొక్క ప్రాణిని పాలిపు అందురు. దానికొక నోరు, నోటిచుట్టు మీసములవంటి స్పర్శాంగములు. ఆ నోటి వెనుక పొట్టసంచి. ఒక పాలిపు పొట్టనుండి ప్రక్కదాని పొట్టకు సన్నని మార్గములుండును గనుక, ఒకటి తిన్నది మఱొకటి పంచుకొనును. పగటివేళ దాని మాంసములోని నాచుకణములు వెలుతురును గ్రహించి చక్కెరవంటి పదార్థమును వండి ఇంటి యజమానికి పెట్టును. పలుజాతులకు కావలసిన శక్తిలో నూటికి తొంబదివంతుల వరకు ఈ మార్గముననే లభించునని శాస్త్రజ్ఞుల లెక్క. రాత్రివేళ పాలిపు మీసములు చాచి, నీటిలో తేలివచ్చు సూక్ష్మప్రాణులను పట్టును.

చక్కెరవలన బలము వచ్చును గాని దేహము పెరుగదు. గంజి మాత్రమే త్రాగించిన బిడ్డ ఎట్లుండునో మనమెఱుగుదుము. మాంసము పెరుగుటకు నత్రజని కావలెను. కణము విభాగమగుటకు, పొరలు కట్టుకొనుటకు భాస్వరము కావలెను. తొట్టెనీటిలో నత్రజని ముఖ్యముగా నైట్రేటు రూపమునను, భాస్వరము ఫాస్ఫేటు రూపమునను కనబడును. ఈ రెండింటినే తొట్టె పెట్టువారు పోషకములని వాడుదురు.

ఇచ్చట పెద్ద సందేహము కలుగును. పగడపు దిబ్బలచుట్టు నుండు సముద్రజలము అద్దమువలె నిర్మలము. అందు నైట్రేటు, ఫాస్ఫేటులు లేశమాత్రమే. అట్టి బీదనీటిలో అంతటి జీవసమృద్ధి యెట్లు కలిగెను? పగడపు దిబ్బలను గూర్చి 1842లో గ్రంథము ప్రకటించిన ఛార్లెసు డార్విను పేర ఈ చిక్కుప్రశ్న నేటికిని వ్యవహరింపబడుచున్నది. సమాధానము గృహిణికి సులభముగా బోధపడును. గాదెలో నిలువ వేఱు, దినదినమును వచ్చు రాబడి వేఱు. గాదె ఖాళీగా నున్నను ప్రతిదినము పొలమునుండి తట్టెడు ధాన్యము వచ్చు ఇంట ఎవరును పస్తుండరు. సముద్రమున కెరటము వెంట కెరటము కొంచెము కొంచెముగా ఆహారమును మోసికొని వచ్చుచునే యుండును. చేపల విసర్జనము పగడమునకు ఎరువు. పగడము విడుచు జిగురు స్పంజీలకు తిండి. స్పంజీల రాలుడు చిన్నపురుగులకు భోజనము. చేతులు మాఱుచు పోషకము అచ్చటచ్చటనే తిరుగును గాని నీటిలో నిలువయై కనబడదు.

గాజుతొట్టెలో ఈ రాబడి యుండదు. నాలుగు చేపలు, ఒక పంపు, మనము వేయు చిటికెడు ఆహారము, ఇంతే. సముద్రజలములో నైట్రేటు సున్నకు దగ్గఱగా నున్నదని విని తొట్టెలోను సున్న చేయువారు గాదె ఖాళీ చేయుదురు గాని, పొలము రాబడిని తేజాలరు. ఉపద్రవమంతయు ఈ పొరపాటునందే కలదు.

ఈ పొరపాటు ఎట్లు వ్యాపించినదో కొంచెము చరిత్ర చెప్పవలెను. ఇంటిలో పగడములను బ్రతికింపగలిగిన తొలివారిలో జకార్తా నగరవాసియగు లీ చిన్ ఎంగ్ ఒకరు. సముద్రమునుండి తెచ్చిన సజీవశిలలు, గాలిబుడగలు, సూర్యకాంతి, ఇవియే ఆయన సాధనములు. ఆ పద్ధతిని 1961లో ఒక అమెరికా పత్రికయందు ఆయన వివరించెను. తరువాత జర్మనీయందు బెర్లిను పద్ధతి యని పేరుగొన్న విధానము బయలుదేరినది: సజీవశిలలు, బలమైన దీపములు, నీటిలోని మలినమును నురుగుగా తీసివేయు స్కిమ్మరు అను యంత్రము. అంతకు ముందు తొట్టెలలో నైట్రేటు విపరీతముగా పేరుకొని పగడములు చచ్చుచుండెడివి గనుక, మాలిన్యము తీసివేయుటయే విద్య యని అందఱును నేర్చిరి. యంత్రములు బాగుపడినకొలది ఆ విద్య హద్దు మీఱినది. చక్కెర, వినిగరు, తుదకు వోడ్కా సారాయి చుక్కలుకూడ నీటిలో వేసి, వానిని తిని పెరుగు బాక్టీరియాలచేత పోషకములను పీల్పించి సున్నకు దించు పద్ధతులు వచ్చినవి. తగు మోతాదులో ఇవి ఉపయోగకరములే. సున్నయే ధ్యేయమైనప్పుడు మాత్రము పగడము పాలిపోయినది.

శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. ఇంగ్లాండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమున వీడెన్‌మాను అను ఆచార్యుడును ఆయన సహచరులును 2013లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున గణ్యమైనది. నీటిలో నైట్రేటు సమృద్ధిగానుండి ఫాస్ఫేటు కొఱవడినచో, లోపలి నాచు పెరుగబోయి భాస్వరపు కఱవున పడును. దాని కణపొరల నిర్మాణమే మాఱిపోవును. అప్పుడు కొంచెము ఎండ, కొంచెము వేడిమి తగిలినను పగడము తెల్లబడును. అనగా ఒక పోషకము ఎక్కువగుటకన్న, రెండవది దానికి తోడు లేకపోవుట ప్రమాదకరము. పప్పు లేని అన్నము కడుపునిండ పెట్టుటవంటిది.

అదే బృందమువారు 2023లో మఱొక వింతను వెల్లడించిరి. పగడము తనలోని నాచు ఇచ్చు చక్కెరను గ్రహించుటయేకాక, మిగులుగా పెరిగిన నాచుకణములనే జీర్ణము చేసికొని, వానిలోని నత్రజని భాస్వరములను తన దేహమునకు వాడుకొనునట. పగడము పైరు వేయు రైతు. నీటిలోని నైట్రేటు ఫాస్ఫేటులు ఎరువు. పైరు హద్దు మీఱినప్పుడు కోసికొని తినును. హిందూమహాసముద్రములోని చాగోసు దీవులయందును వారు ఈ విషయమును గమనించిరి. సముద్రపక్షులు విస్తారముగా వాసముండు దీవులచుట్టు, పక్షుల రెట్టవలన ఎరువు దొరకుటచే, పగడములు పక్షులు లేని దీవులచెంతకన్న త్వరగా పెరుగుచున్నవి. ఎరువు పూర్తిగా లేని పొలమున రైతు కొన్నాళ్లు విత్తనపుధాన్యము తిని బ్రతుకును. పిమ్మట విత్తుటకు ఏమియు మిగులదు. తిండిలేని పగడము మొదట కొన్నాళ్లు బాగుగానే కనబడుటకు కారణమిదియే. అందుచేతనే యజమానికి మోసము కలుగును.

ఇంక తొట్టెలో ఈ పోషకములు ఎచ్చటినుండి వచ్చి ఎచ్చటికి పోవునో లెక్కవేసి చూతము. ఒక గ్రాము ఎండు చేపమేతను తీసికొనుడు. అందులో నూటికి 45 పాళ్లు మాంసకృత్తులు, ఒక పాలు భాస్వరము ఉన్నదనుకొందము. మాంసకృత్తులలో నత్రజని నూటికి ఇంచుమించు 16 పాళ్లు. కావున ఆ గ్రాములో 72 మిల్లీగ్రాముల నత్రజని యుండును. అదియంతయు నైట్రేటుగా మాఱినచో సుమారు 319 మిల్లీగ్రాములగును. 10 మిల్లీగ్రాముల భాస్వరము సుమారు 31 మిల్లీగ్రాముల ఫాస్ఫేటగును. తొట్టెలో 200 లీటర్ల నీరున్నదనుకొనిన, ఒక్క గ్రాము మేతవలన లీటరునకు 1.6 మిల్లీగ్రాముల నైట్రేటు, 0.15 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు చేరినట్లు. నైట్రేటు పది పాళ్లు, ఫాస్ఫేటు ఒక పాలు.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడు రెడ్‌ఫీల్డు సముద్రపు సూక్ష్మజీవుల దేహములను గూర్చి చెప్పిన నిష్పత్తియు ఇంచుమించు ఇదియే: 16 నత్రజని పరమాణువులకు ఒక భాస్వర పరమాణువు. నైట్రేటు, ఫాస్ఫేటుల బరువులోనికి మార్చి చూచిన అది సుమారు పదికి ఒకటి. మేతయు ప్రాణిదేహమే గనుక నిష్పత్తి సరిపోవుట వింత కాదు.

లోనికి సమముగా వచ్చినవి బయటికి సమముగా పోవు. ఇది తప్పక గుర్తుంచుకొనదగిన విషయము. చేప విసర్జించు అమ్మోనియాను ఒకజాతి బాక్టీరియాలు నైట్రైటుగను, మఱొకజాతివి నైట్రేటుగను మార్చును. రాతి లోపలి సందులలో, ప్రాణవాయువు చేరనిచోట, ఇంకొక జాతి బాక్టీరియాలు ఆ నైట్రేటును వాయువుగా మార్చి ఆకాశమునకు పంపివేయును. నత్రజనికి ఇట్లు పొగగొట్టమున్నది. భాస్వరమునకు అట్టి ద్వారము లేదు. నీరు మార్చిన, నురుగు తీసిన, నాచు కోసిన, లేక దానిని పట్టు మందు ఉంచినగాని అది తొట్టె విడువదు. పైగా సున్నపురాతికి, ఇసుకకు అంటుకొని దాగును. క్రొత్తగా పొడిరాళ్లు పేర్చిన తొట్టెలో ఎంత మేత వేసినను ఫాస్ఫేటు సున్నగా కనబడుటయు, పాతతొట్టెలో నీరు మార్చిన మఱునాడే ఫాస్ఫేటు తిరిగి పైకి వచ్చుటయు ఇందువలననే. రాయి మొదట అప్పు తీసికొనును, తరువాత తీర్చును.

తొట్టె యజమానురాలు ఏ అంకెలను గుఱిగా నుంచుకొనవలెను? అనుభవజ్ఞులు సాధారణముగా లీటరునకు నైట్రేటు 2 నుండి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 నుండి 0.10 మిల్లీగ్రాములు ఉంచుదురు. ఈ అంకెలలో నిష్పత్తి పదికి ఒకటిగా లేదేమని అడుగవచ్చును. రెడ్‌ఫీల్డు నిష్పత్తి ప్రాణి దేహములోనిది. తొట్టెనీటిలోనిది తినగా మిగిలినది. విస్తరిలో మిగిలినదానినిబట్టి భోక్త దేహపుష్టిని లెక్కింపము గదా! కావున నిష్పత్తికై ప్రాకులాడవలదు. రెండింటిలో ఏదియు సున్న కారాదు. రెండును నెలనుండి నెలకు ఇంచుమించు ఒకే తీరున నుండవలెను. ఈ రెండు నియమములు చాలును.

అంకెలకన్న ముందు పగడమే మాటలాడును. పోషకములు అతిగానున్న తొట్టెలో గాజుపై పాచి దినదినము కట్టును. రాళ్లపై వెండ్రుకలవంటి పచ్చనినాచు పెరుగును. పగడము తన రంగులు కోల్పోయి గోధుమవర్ణమునకు దిగును, ఏలయన లోపలి నాచు మితిమీఱి పెరిగి తక్కిన వన్నెలను కప్పివేయును. ఫాస్ఫేటు మిక్కిలి యెక్కువైనచో సున్నపు అస్థిపంజరము కట్టుకొనుటయు మందగించును.

కఱవు గుర్తులు వేఱు. పగడము మొదట లేతరంగుగా, చూచుటకు ముచ్చటగానే మాఱును. చూడవచ్చినవారు మెచ్చుకొందురు కూడ. పిదప మాంసము పలుచనై లోపలి ఎముక గీతలు కనబడును. పాలిపులు మీసములు చాపవు. మొదలునుండి మాంసము ఒలిచినట్లు వెనుకకు జరుగును. రాళ్లపైని, ఇసుకపైని బుడగలతో కూడిన గోధుమరంగు జిగురు పగలు వ్యాపించి రాత్రి సన్నగిల్లును. ఈ జిగురు డైనోఫ్లాజెలేటు అను సూక్ష్మజీవుల గుంపు. నైట్రేటు ఫాస్ఫేటులు సున్నయైన తొట్టెలలో పోటీదారులు లేక అవి విజృంభించుట తఱచుగా చూడబడుచున్నది. దానిని చూచి మాలిన్యమని భ్రమించి మఱింత కడుగువారు అగ్నిలో ఆజ్యము పోసినవారగుదురు.

పాలిపోవుటకు కఱవొక్కటియే కారణము కాదు. దీపము హఠాత్తుగా మార్చినను, నీటి వేడిమి హెచ్చినను పగడము నాచును విడిచి తెల్లబడును. కావున ముందు వేడిమి 25, 26 డిగ్రీల సెంటిగ్రేడులో నున్నదా, లవణము లీటరునకు సుమారు 35 గ్రాములున్నదా యని చూచి, అటుపిమ్మట పోషకములను పరీక్షించుడు. రోగము తెలియక చికిత్సకు పూనుకొనరాదు.

అతిని తగ్గించుటకు ఉపాయములు. మొదట మేతను కొలిచి వేయుడు. గడ్డకట్టిన రొయ్యమేతను ఒక గిన్నెలో కరిగించి, ఆ నీరు వంచి, మేతను మాత్రమే వేయుడు. వారమునకొకమాఱు పదవవంతు నీరు మార్చుట మంచిదేగాని, దానివలన అద్భుతమును ఆశింపరాదు: నైట్రేటు 40 ఉన్నచో పదవవంతు మార్చిన 36, మఱల మార్చిన 32.4, అంతే. నాలుగవవంతు మార్చిన 30 అగును. తొట్టె ప్రక్కన చిన్న అఱలో నాచును బుద్ధిపూర్వకముగా పెంచి, వారమునకొక పిడికెడు కోసి పాఱవేయుట సొగసైన పద్ధతి. రెండు పోషకములును కలిసియే బయటికి పోవును. ఫాస్ఫేటును పట్టు ఇనుపగుళికలు వాడదలచినచో చెప్పిన మోతాదులో నాలుగవవంతుతో ఆరంభింపుడు. ఒక్క దినమున ఫాస్ఫేటు దిగజారినచో అధికమువలన చావని పగడము ఆ మార్పువలన చచ్చును. నెలలతరబడి పెరిగినదానిని వారములతరబడి దింపవలెను.

కఱవును తీర్చుటకు మొదటి మందు అన్నమే. చేపలకు దినమునకు రెండుమాఱులు కొంచెము కొంచెముగా పెట్టుడు; తొట్టె పెద్దదైనచో మఱి రెండు చేపలను చేర్చుడు. చేప తిని విసర్జించునది పగడమునకు తగిన పాకము. స్కిమ్మరును కొన్నిగంటలు ఆపుడు. ఇనుపగుళికలను, వోడ్కా చుక్కలను మానుడు. రాత్రి దీపమార్పిన పిమ్మట పాలిపులు విచ్చుకొన్నప్పుడు సూక్ష్మాహారమును వారమునకు రెండుమాఱులు విదల్పుడు. ఇంతటితో అంకెలు కదలకున్నచో, తొట్టెలకై తయారుచేసి అమ్ము నైట్రేటు, ఫాస్ఫేటు ద్రావకములను లెక్కవేసి చుక్కలుగా చేర్పవచ్చును. ఒకటి సున్నగా నుండగా రెండవదానిని మాత్రమే పెంచవలదు; సౌతాంప్టను పరీక్షను మఱువకుడు.

పోషకములతోపాటు పగడపు ఎముకకు కావలసిన సున్నపుసరకును చూడవలెను. కాల్షియము లీటరునకు సుమారు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియము 1300, క్షారత 8 జర్మను డిగ్రీలకు దగ్గఱగా నుండుట క్షేమము. పోషకములు తక్కువగానున్న తొట్టెలో క్షారతను హెచ్చుగా నుంచినచో కొమ్మల చివరలు కాలినట్లు తెల్లబడునని పెంపకందారుల అనుభవము. తిండి చాలనివానిచేత ఇల్లు త్వరగా కట్టుమనుట న్యాయము కాదు గదా!

తొట్టెలోనికి కుళాయినీరు పోయరాదు. కొన్ని నగరములయందు గొట్టములు చిలుముపట్టకుండుటకై నీటిలో ఫాస్ఫేటునే కలుపుదురు. శుద్ధిచేసిన ఆర్వో నీటినే వాడుడు. ఆవిరియై తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయవలెను. ఉప్పు ఆవిరి కాదు గనుక ఉప్పునీరు పోసిన లవణము హెచ్చును.

ఇంటి ఏర్పాటును గూర్చి రెండు మాటలు. తొట్టెకు మేత వేయు అధికారము ఒక్కరిదే కావలెను. ఉదయము తండ్రి, మధ్యాహ్నము బామ్మ, సాయంకాలము పిల్లలు ఎవరికివారే జాలిపడి వేసినచో లెక్క తప్పును. ఊరికి పోవునప్పుడు ఒక్కొక్క దినపు మేతను వేఱువేఱు పొట్లములుగా కట్టి, పైన తేదీ వ్రాసి, పొరుగువారి చేతికిచ్చుడు; డబ్బానంతయు ఈయవలదు. జోవాంథిడు అను మెత్తని పగడపుజాతులు కొన్నిటిలో పాలిటాక్సిను అను ఘోరవిషము కలదు. కావున తొట్టెలో చేయి పెట్టునప్పుడు తొడుగులు ధరింపుడు. అవి యున్న రాళ్లను ఎన్నడును వేడినీట మరగింపకుడు, ఆవిరియే ప్రాణాపాయము. పసిపిల్లలను దగ్గఱకు రానీయకుడు.

ఇది వినోదమాత్రమే, ఇంత విచారమేలయని కొందఱు అనవచ్చును. 2024 ఏప్రిలులో ప్రపంచమందలి పగడపు దిబ్బలు నాలుగవమాఱు విశ్వవ్యాప్తముగా తెల్లబడుచున్నవని శాస్త్రసంస్థలు ప్రకటించినవి. సముద్రపు వేడిమి మన చేతిలో లేదు. గాజుతొట్టెలోని నీరు మాత్రము పూర్తిగా మన చేతిలోనిదే. సముద్రమున జనించినదైనను, మఱొకరి తొట్టెలోని కొమ్మను తుంచి నాటినదైనను, మన యింటికి వచ్చిన పిదప ఆ ప్రాణికి ఆకలి వేసిన అడుగుటకు నోరు లేదు. చేప గాజుదగ్గఱకు వచ్చి తోకయాడించును. పిల్లి కాళ్లు చుట్టుకొనును. పగడము నిలిచినచోటనే నిలిచి, వన్నె తగ్గి, మాంసము తగ్గి పోవును. అడుగనివారికి ముందు వడ్డించుట మన యింటి మర్యాద.

కావున తొట్టె పెట్టదలచిన సోదరి పగడమును కొనకముందు ఒక పుస్తకము కొనవలెను. ప్రతి ఆదివారమును తేదీ, నైట్రేటు, ఫాస్ఫేటు, క్షారత, వేసిన మేత, పగడపు రంగు, ఈ ఆఱింటిని ఒక పంక్తిలో వ్రాయుడు. చేపలు మాత్రమే యున్న తొట్టెలో మూడు నెలలు ఈ పంక్తులు నిలుకడగా సాగిన పిదప మొదటి పగడమును తెచ్చుకొనుడు. ముందుగా మెత్తనిజాతులను, అవి తేఱుకొనిన తరువాతనే కొమ్మలుగల గట్టిజాతులను తేవలెను. పుస్తకములో ఏ వారమైనను సున్న కనబడినచో సంతోషింపక, ఆ పూట మేత కొంచెము ఎక్కువగా వేయుడు.